కొత్త ఓవెన్ ప్లగ్గులో పెట్టే ముందు ఇంటి కరెంటును ఇలా చూసుకోండి

విజయనగరంలో ఇళ్ల వైరింగు పని చేస్తుంటాను. దసరా వెళ్లి సిరిమాను సంబరం అయిపోయాక, మళ్లీ క్రిస్మస్ ముందు, నాకు వరసగా ఒకటే ఫోను: "అన్నా, ఓవెన్ కొన్నాం. వంటింట్లో మిక్సీ పాయింటులో పెట్టేయొచ్చా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మిక్సీ చట్నీకి మూడు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. ఓవెన్ అలా కాదు. వేడెక్కడానికి పది నిమిషాలు, కేకు ఉడకడానికి ముప్పావు గంట. అంతసేపూ మీటరు నుంచి ప్లగ్గు దాకా ఉన్న ప్రతి వైరు మీద, ప్రతి స్క్రూ మీద బరువు పడుతూనే ఉంటుంది. అందులో ఏది బలహీనంగా ఉంటే అది ముందు కాలుతుంది. "ఆ పాయింటులో మిక్సీ తిరుగుతోంది కదా" అన్నది ఓవెన్‌కి సాక్ష్యం కాదు.

కావలసినవి

ఫోను (ఫొటోలకి, టైము చూడటానికి, టార్చికి). కిందటి నెల కరెంటు బిల్లు. కాగితం, పెన్ను. ఒక డిజిటల్ మల్టీమీటరు ఉంటే మంచిది. అది వాడటం అలవాటు లేకపోతే, సాకెట్లో గుచ్చితే వోల్టులు చూపించే చిన్న మీటరు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, అదయినా చాలు. స్విచ్ బోర్డు విప్పాల్సిన పని వస్తే ఎలక్ట్రీషియన్. ఇందులో చాలావరకు చూసి, చదివి, లెక్క వేసి తెలుసుకునేవే, అవి మీరే చేసుకోవచ్చు. బోర్డు స్క్రూ విప్పే పని మాత్రం మీరు పెట్టుకోవద్దు. మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది.

1. ఓవెన్ వెనక అతికించిన రేకు చదవండి

అట్టపెట్టె మీద రాసింది కాదు, షాపువాళ్లు చెప్పింది కాదు. ఓవెన్ వెనకో పక్కనో చిన్న రేకు గానీ స్టిక్కరు గానీ ఉంటుంది. దాన్ని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. మూడు అంకెలు కావాలి: వోల్టులు, హెర్ట్జ్, వాట్లు. మన దగ్గర ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. రేకు మీద 230 అనో, 220 నుంచి 240 అనో ఉంటే సరే. ఇంకా కొనలేదా, అయితే షాపులో పెట్టిన పీసునే వెనక్కి తిప్పి చూపించమనండి. మొహమాటపడకండి.

మామూలు ఓటీజీలు (కాయిల్ వేడితో కాల్చే చిన్న ఓవెన్లు) సైజును బట్టి ఎక్కువగా 1200 నుంచి 2000 వాట్ల మధ్య ఉంటాయి. గోడలో బిగించే పెద్ద ఓవెన్లు 2500 నుంచి 3500 దాకా పోతాయి.

మైక్రోవేవ్ కొన్నవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు. ముందు తలుపు మీద "800 వాట్లు" అని ఉంటుంది. అది తిండికి అందే శక్తి. అది గోడలోంచి లాగేది 1200 పైనే ఉంటుంది. మీకు కావలసింది లాగే అంకె, రేకు మీద ఇన్‌పుట్ అని ఉండేది. కన్వెక్షన్ (వేడిగాలితో కాల్చే ఏర్పాటు) కూడా ఉన్న మైక్రోవేవ్ అయితే రేకు మీద రెండు మూడు అంకెలుంటాయి. వాటిలో పెద్దదాన్నే తీసుకోండి. అది తరచు 2000 దాటుతుంది.

విదేశాల నుంచి తెచ్చినవాటి సంగతి కూడా చెప్పాలి. ఉద్దానం వైపు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస ఊళ్లలో గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. వచ్చేటప్పుడు ఓవెన్ తెచ్చుకుంటారు. దుబాయ్, కువైట్ సరుకు వోల్టేజీ విషయంలో మనకి సరిపోతుంది. దాని ప్లగ్గు మాత్రం చదరపు పిన్నులది. దానికి ప్రయాణాల్లో వాడే చిన్న అడాప్టరు తగిలించి ఓవెన్ నడపకండి. ఆ అడాప్టర్లు ఫోను చార్జింగుకి, అంతే. ప్లగ్గు కోసేసి మన 16 యాంపియర్ల మూడు పిన్నుల టాప్ (తీగ చివరి ప్లగ్గు) వేయించండి. సౌదీ నుంచి వచ్చినదైతే రేకు మీద హెర్ట్జ్ ఎంతుందో చూడండి, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్. వట్టి హీటింగు కాయిల్ ఓటీజీకి దాంతో పెద్ద తేడా లేదు. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మైక్రోవేవ్ 60కే చేసినదైతే ఇక్కడ 50 మీద వేడెక్కి పాడవుతుంది. రేకు మీద 50/60 అని రెండూ ఉంటే భయం లేదు. అమెరికా ఓవెన్ అయితే 120 వోల్టులది. దాన్ని మన ప్లగ్గులో పెడితే ఉండాల్సినదానికి మూడున్నర రెట్లు పైగా కరెంటు తాగి నిమిషాల్లో కాలిపోతుంది. అది ఎంత ప్రేమగా ఇచ్చినదైనా ఇక్కడ పెట్టకండి.

2. యాంపియర్లు లెక్క కట్టండి

వాట్లను 230తో భాగించండి. అంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

1200 వాట్లకి 5.2 యాంపియర్లు. 1500కి 6.5. 2000కి 8.7. 2500కి 10.9. 3000కి 13. 3500కి 15.2.

మీది ఎంతో కాగితం మీద పెద్దగా రాసుకోండి. ఇక మిగతా అడుగులన్నీ ఆ అంకెతో పోల్చుకోవడమే.

3. సాకెట్ చూడండి, సాకెట్‌ని నమ్మకండి

మన ఇళ్లలో రెండు రకాల మూడు పిన్నుల సాకెట్లు ఉంటాయి. ఫ్యాన్లు, మిక్సీ, ఫోను పెట్టుకునే చిన్నది 6 యాంపియర్లది. లావు పిన్నులు పట్టేది 16 యాంపియర్లది, దాన్నే "పవర్ పాయింటు" అంటాం. పాత ఇళ్లలో ఇవే 5, 15 అని ఉంటాయి. 1500 వాట్ల ఓటీజీ కూడా 6.5 యాంపియర్లు తీసుకుంటుందని పైన చూశారు. అంటే చిన్న సాకెట్ హద్దు అప్పుడే దాటిపోయింది. 1200 వాట్లది కాగితం మీద సరిపోతుంది గానీ గంటల తరబడి నడిపేదానికి అంత అంచున పెట్టకండి. నన్నడిగితే ఓవెన్ ఎంత చిన్నదైనా 16 యాంపియర్ల సాకెట్టే.

కంపెనీ ఇచ్చిన ప్లగ్గు లావుగా ఉండి చిన్న సాకెట్లో పట్టకపోతే, అది మీకు వచ్చిన హెచ్చరిక. కానీ షాపుకెళ్లి "లావుది సన్నదాన్లో పట్టే కన్వర్షన్ ప్లగ్గు" అడిగి తెచ్చుకునేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని చేయొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సూ వద్దు. దాని తీగ సన్నగా ఉంటుంది, లోపలి రేకులు పలచగా ఉంటాయి. చుట్టచుట్టి ఉన్న తీగ మీద ఓవెన్ నడిస్తే ఆ చుట్ట లోపల వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఇక "సాకెట్‌ని నమ్మకండి" అని ఎందుకన్నానంటే, ఈ మధ్య వచ్చే సాకెట్లలో సన్న పిన్నూ లావు పిన్నూ రెండూ పట్టేవి ఉన్నాయి. చూడ్డానికి పవర్ పాయింటులాగే ఉంటుంది. దాని వెనక గోడలో ఏ వైరు ఉందో ముందు నుంచి తెలీదు.

బొబ్బిలిలో మా అప్ప ఇంట్లో ఇదే జరిగింది. చోడిపిండి (రాగిపిండి) బిస్కెట్లు చేద్దామని 2000 వాట్ల ఓటీజీ కొంది. పాత 5 యాంపియర్ల సాకెట్ తీసేసి ఎవరో ఈ రెండు రకాలది బిగించి వెళ్లారు. రెండు వారాలు బాగానే నడిచింది. మూడో వారం ఫోను చేసి, "ఏట్రా తమ్ముడూ, ప్లగ్గు దగ్గర చేప కాల్చిన వాసనొస్తోంది" అంది. వెంటనే మెయిన్ ఆపేయమని చెప్పి బయల్దేరాను. వెళ్లి విప్పితే సాకెట్ వెనక ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, వైరు తొడుగు పొడిపొడిగా రాలింది. లోపల ఉన్నది లైట్లకి వేసే 1 స్క్వేర్ (చదరపు మిల్లీమీటరు మందం) వైరు. ఇంకో వారం ఊరుకుంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు. చేప వాసన అన్నది గుర్తుపెట్టుకోండి. వేడెక్కిన సాకెట్, స్విచ్‌ల ప్లాస్టిక్ అలాంటి వాసనే వేస్తుంది. వంటింట్లో కాబట్టి అది కూర వాసనలో కలిసిపోతుంది.

4. గోడలో వైరు, పెట్టెలో ఎంసీబీ

ఎంసీబీ అంటే లైనులో కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయి ఆపేసే స్విచ్. ఈ అడుగుకి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఏం అడగాలో మాత్రం మీకు తెలియాలి. రాగి వైరు అయితే లెక్క ఇది:

2000 వాట్ల దాకా, ఆ మాటకొస్తే 3000 దాకా కూడా, 2.5 స్క్వేర్ వైరు, 16 యాంపియర్ల ఎంసీబీ. 3000 దాటితే 4 స్క్వేర్ వైరు, 20 లేదా 25 ఎంసీబీ, ఆ లైను మీద ఇంకేమీ ఉండకూడదు. అంతకన్నా పెద్ద కుకింగ్ రేంజి అయితే కంపెనీ పుస్తకంలో రాసినదే చేయించండి. వాటికి 6 స్క్వేర్ వైరు, 32 ఎంసీబీ అడగడం మామూలే.

పాత మేస్త్రీలు ఇంకా గేజుల్లో చెబుతారు. "3/20 వేశాం సార్" అంటే సుమారు 2 స్క్వేర్ అనుకోండి, 2.5 కన్నా తక్కువే. "7/22" అంటే 2.5 పైన కొంచెం. "7/20" అంటే నాలుగున్నర దగ్గర. "1/18" అన్నారంటే అది లైటు వైరు, ఓవెన్ మాటే వద్దు. వైరు తొడుగు మీద సైజు అచ్చువేసి ఉంటుంది, బోర్డు విప్పినప్పుడు ఫొటో తీయమనండి. విజయనగరం కోట చుట్టుపక్కల పాత పెంకుటిళ్లలో, మేడల్లో చెక్క పట్టీల మీద వేసిన వైరింగు ఇంకా ఉంది. కొన్నిచోట్ల అల్యూమినియం. అలాంటి ఇంట్లో ఉన్న లైనుకి ఓవెన్ కలపొద్దు. మీటరు బోర్డు నుంచి పైపులో ఓ కొత్త లైను విడిగా లాగించుకోండి. మొత్తం ఇల్లు తవ్వక్కర్లేదు, ఒక్క లైను చాలు.

ఎంసీబీ గురించి రెండు అపోహలు పోవాలి.

మొదటిది: "ఎంసీబీ పడలేదు కాబట్టి అంతా బాగుంది." లైట్లు, చిన్న సాకెట్లు ఉన్న లైనుకి సాధారణంగా 10 యాంపియర్ల ఎంసీబీ ఉంటుంది. మీ 2000 వాట్ల ఓవెన్ 8.7 లాగుతుంది. పదికి లోపే కాబట్టి ఎంసీబీ పడదు. కానీ మధ్యలో ఉన్న సాకెట్ ఆరుది. ఎంసీబీ కళ్లముందే అది వేగిపోతుంది. ఇంకోటి, 16 యాంపియర్ల ఎంసీబీ 17 దగ్గర పడిపోదు. తన అంకె మీద 13 శాతం ఎక్కువ దాకా గంటకు పైగా మోస్తుంది, దాన్ని అలాగే తయారుచేస్తారు. కాబట్టి హద్దు మీ లెక్కలో ఉండాలి, ఎంసీబీ మీద వదిలేయకూడదు.

రెండోది: "పదే పదే పడుతోంది, పెద్దది వేసేయండి." ఎంసీబీ ఉన్నది గోడలో వైరును కాపాడటానికి, ఓవెన్‌ని కాదు. వైరు మార్చకుండా ఎంసీబీ మాత్రం 32 వేస్తే, ఇక పడేది ఉండదు, కాలేది వైరే. పాత పింగాణీ ఫ్యూజుల్లో లావు తీగ చుట్టడం కూడా ఇదే తప్పు. మీ ఇంటికి వచ్చినవాళ్లు ఇలా చేస్తానంటే ఒప్పుకోకండి. నేనైనా సరే.

5. అదే లైను మీద ఇంకేమున్నాయి?

ఇది మీరే కనిపెట్టొచ్చు. ఓవెన్ పెట్టబోయే పాయింటుకి చెందిన ఎంసీబీ ఒక్కటి దించండి. ఇల్లంతా తిరిగి ఏవేవి ఆగాయో రాసుకోండి. ఫ్రిజ్ ఆగిందా, గీజర్ ఆగిందా, హాల్లో టీవీ కూడా ఆగిందా? ఆగినవన్నీ ఒకే తాడు మీద ఆరేసిన బట్టలు.

ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, ఓవెన్ 2000. రెండూ కలిస్తే 17.4 యాంపియర్లు. పైన చెప్పిన ఎంసీబీ లెక్కతో చూస్తే అది పడకపోవచ్చు కూడా. గీజర్ మరో 2000. ఒకే లైను తప్పదనుకుంటే ఓవెన్ నడిచే గంట మిగతావి ఆపుకోండి. ఇంట్లో అందరికీ చెప్పండి, మీరొక్కరే గుర్తుపెట్టుకుంటే చాలదు.

ఇదే పరీక్షలో ఇంకోటి తేలుతుంది. మెయిన్ దించినా ఆ పాయింటులో కరెంటు ఉంటే అది ఇన్వర్టర్ లైను. అక్కడ ఓవెన్ పెట్టకూడదు. ఇళ్లలో ఉండే 800, 900 వీఏ ఇన్వర్టర్ ఫ్యాన్లకి, లైట్లకి. బేకింగ్ మధ్యలో కరెంటు పోతే ఒక్కసారిగా దాని మీద 2000 వాట్లు పడతాయి.

6. ఎర్తు

ఓవెన్ వళ్లంతా ఇనుము. తడిచేత్తో తలుపు తీస్తాం. అందుకని ఎర్తు లేని పాయింటులో ఓవెన్ పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మల్టీమీటరు తెలిసినవాళ్లు ఏసీ వోల్టుల మీద పెట్టి మూడు కొలతలు తీసుకోండి. ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) మధ్య 230 దగ్గర. ఫేజు, ఎర్తు మధ్య కూడా దాదాపు అంతే. న్యూట్రల్, ఎర్తు మధ్య రెండు మూడు వోల్టుల లోపు. రెండో కొలత యాభయ్యో వందో చూపిస్తే ఎర్తు వైరు ఎక్కడో తెగిపోయింది, లేదా అసలు లేదు.

ఇక్కడ ఒక దొంగ ఎర్తు ఉంటుంది. నేలలో ఎర్తు గోతి తీయడం ఎందుకని సాకెట్ వెనకే న్యూట్రల్‌ని ఎర్తు పిన్నుకి కలిపేస్తారు. మీటరు పెడితే కొలతలన్నీ ముచ్చటగా ఉంటాయి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున ఓవెన్ రేకంతా 230 వోల్టులు నిలబడతాయి. దీన్ని పట్టుకునే ఉపాయం: పక్క సాకెట్లో ఓవెన్ నడుస్తుండగా న్యూట్రల్, ఎర్తు మధ్య కొలవండి. నిజమైన ఎర్తు అయితే బరువు పడినప్పుడు ఓ వోల్టో రెండో పెరుగుతుంది. ఓవెన్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా కదలకుండా సున్నా చూపిస్తే అనుమానించి బోర్డు విప్పించండి.

భోగాపురం, కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో నేల ఇసుక. ఇసుక ఎండితే ఎర్తు పనిచేయదు. వేసవిలో ఎర్తు గోతిలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. దానికి పైసా ఖర్చు లేదు.

వీటితోపాటు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు బాడీకో మనిషికో కారితే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఒకటి బిగించుకోండి. దాని మీద ఉండే టెస్టు బటన్ నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. పడకపోతే అది పనిచేయట్లేదు.

7. బిల్లు, మీటరు

బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మీరు వాడతామని రాయించుకున్న బరువు) అని కిలోవాట్లలో ఉంటుంది. మీరు ఒకేసారి నడిపే పెద్ద వస్తువుల వాట్లు కూడండి: ఓవెన్ 2000, ఏసీ 1500, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు కలిపి 500. అప్పుడే 4 కిలోవాట్లు. బిల్లు మీద 1 అనో 2 అనో ఉంటే లోడు పెంచుకోవడానికి మీ కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడగండి. చాలామంది దీన్ని అనవసరమైన ఖర్చు అనుకుంటారు. ఆ అంకెల్ని బట్టే మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువుందో వాళ్లు లెక్క వేసుకుంటారు. అందరూ 1 కిలోవాట్ అని రాయించుకుని ఏసీలు, ఓవెన్లు నడిపితే సాయంత్రం వోల్టేజీ పడిపోయేది మనకే.

మీటరు ముఖం మీద 5-30 అనో 10-60 అనో యాంపియర్లు ఉంటాయి. రెండోది అది మోయగల గరిష్ఠం. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఎన్నేళ్ల కిందటిదో, మధ్యలో జాయింట్లు ఉన్నాయో చూడండి. త్రీఫేజు ఇళ్లవాళ్లు ఏసీ, గీజర్ లేని ఫేజు మీదకి ఓవెన్ లైను కలపమనండి.

8. వోల్టేజీ మూడు పూటలా చూడండి

ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదింటికి. మూడు రోజులు రాసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఊరి చివర ఉన్న ఇళ్లలో రాత్రి అంకె చూసి ఆశ్చర్యపోతారు.

వోల్టేజీ కొంచెం తగ్గితే వేడి చాలా తగ్గుతుంది. 2000 వాట్ల ఓవెన్ 200 వోల్టుల దగ్గర 1500 వాట్లే ఇస్తుంది. 180 దగ్గర 1225. అందుకే "పుస్తకంలో 40 నిమిషాలన్నారు, గంటయినా కేకు ఎర్రబడలేదు, ఓవెన్ పాడైంది" అని షాపుకి మోసుకెళ్తారు. పాడైంది ఓవెన్ కాదు. తక్కువ వోల్టేజీ వల్ల కాయిల్‌కి నష్టం లేదు, వంటకే ఆలస్యం. మధ్యాహ్నం చేసుకోండి, లేదా టైము పెంచుకోండి. ఓటీజీ కోసం పెద్ద స్టెబిలైజరు కొనమని నేను చెప్పను. మైక్రోవేవ్ సంగతి వేరు, అది తక్కువ వోల్టేజీలో మూలుగుతుంటే ఆపేయడమే మంచిది.

రోజూ 200 లోపే ఉంటే రాసుకున్న కాగితంతో లైన్‌మన్‌ని కలవండి, లేదా 1912కి ఫోను చేయండి. "వోల్టేజీ డల్‌గా ఉంది" అనడం కన్నా "మూడు రోజులుగా రాత్రి 8కి 184, 181, 186" అంటే వినే తీరు మారుతుంది. వీధిలో నలుగురూ కలిసి చెబితే ఇంకా మంచిది.

9. మొదటిసారి నడిపి ఫలితం చూసుకోవడం

లోపల ఏమీ పెట్టకుండా, కిటికీలు తెరిచి, ఓవెన్‌ని పూర్తి వేడి మీద అరగంట నడపండి. మైక్రోవేవ్‌ని మాత్రం ఖాళీగా నడపకూడదు, గిన్నెడు నీళ్లు పెట్టి అవి ఇంకిపోకముందే ఆపండి. ఓటీజీ మొదట కొంచెం పొగ, నూనె వాసన వేస్తుంది, భయపడకండి. ఈ అరగంటలో మూడు పరీక్షలు.

మొదటిది వోల్టేజీ. ఓవెన్ ఆన్ చేయకముందు పక్క సాకెట్లో ఎంత, ఆన్ చేశాక ఎంత? అయిదారు వోల్టులు తగ్గితే మామూలే. పది పన్నెండు దాటితే ఎక్కడో వైరు సన్నగా ఉంది లేదా స్క్రూ వదులుగా ఉంది. అదే తగ్గుదల మీటరు దగ్గర కూడా ఉంటే లోపం బయట సర్వీసు వైపు. మీటరు దగ్గర బాగుండి వంటింట్లోనే పడిపోతే మీ ఇంటి వైరింగు. ఎలక్ట్రీషియన్‌కి ఈ ఒక్క సంగతి చెబితే వెతుకులాట సగం తగ్గుతుంది. వదులు స్క్రూని చిన్నచూపు చూడకండి. అర ఓమ్ అడ్డం ఉన్న వదులు జాయింటులో 8.7 యాంపియర్లు పోతే అక్కడ దాదాపు 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగు ఐరన్ 25 వాట్లదే ఉంటుంది.

రెండోది చెయ్యి. అరగంట అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, టాప్‌ని, సాకెట్ ముఖాన్ని తాకండి. పిన్నులు మాత్రం ముట్టుకోకండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలపలేనంత ఉంటే, పిన్నులు నల్లబడినట్టు కనిపిస్తే, మళ్లీ పెట్టకండి. పిన్ను వదులుగా ఊగే సాకెట్‌ని మార్చేయండి, రేకులు వంచి బిగించడం నాలుగు రోజుల ముచ్చట.

మూడోది కరెంటు మీటరు. ఇంట్లో అన్నీ ఆపి ఓవెన్ ఒక్కటే, ఎర్రదీపం వెలుగుతున్నప్పుడు, నడపండి. మీటరు మీద మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది. దాని పక్కన యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, ఉదాహరణకి 3200. ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి, నెమ్మదిగా పెట్టి లెక్కపెట్టండి. వచ్చిన అంకెను 60,000తో గుణించి 3200తో భాగిస్తే వాట్లు. నిమిషానికి 80 వస్తే 1500 వాట్లు, 107 వస్తే 2000. రేకు మీద 2000 ఉండి మీకు 89 వచ్చిందంటే కంగారు వద్దు, ఆ టైముకి వోల్టేజీ 210 ఉందని అర్థం. వోల్టేజీ బాగుండి కూడా సగమే వస్తే పైనో కిందో ఒక కాయిల్ వెలగట్లేదు. వారంటీలో ఉన్నప్పుడే చూపించండి.

ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోందా? వానాకాలంలో గోడౌన్లో ఉన్న ఓవెన్ కాయిల్ లోపలి పొడి చెమ్మ పట్టి కొంచెం కరెంటు బాడీకి కారుతుంది. మన తీరం గాలికి ఇది ఎక్కువే. వేరే వస్తువులు అదే లైనులో బాగా నడుస్తూ, ఓవెన్‌కి మాత్రమే పడుతుంటే సర్వీసువాళ్లను పిలిచి కాయిల్ ఆరబెట్టించండి, ఇన్సులేషన్ కొలిపించండి. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా వైరు కలిపి "ఇదిగో నడుస్తోంది" అని చూపించేవాళ్లున్నారు. ఓవెన్ ముట్టుకునేది మీరు. అలా చేయనివ్వకండి. వళ్లు జిల్లుమన్నా ఇదే మాట, ఆపి ప్లగ్గు తీసేయండి.

తుఫాను వెళ్లాక కూడా ఒకసారి చూడాలి. 2014లో హుద్‌హుద్‌కి, 2018లో తిత్లీకి మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో స్తంభాలు కూలి లైన్లు కొత్తగా లాగారు. అలా లాగినప్పుడు గానీ, గాలికి న్యూట్రల్ వదులైనప్పుడు గానీ ఇంట్లోకి 300 పైన వోల్టులు రావచ్చు. కరెంటు వచ్చింది కదా అని వెంటనే అన్నీ వేసేయకుండా, ముందు ఒక పాతకాలపు ఫిలమెంట్ బల్బు వేసి చూడండి. మరీ తెల్లగా వెలిగినా, వెలుగు ఊగుతున్నా మెయిన్ దించి లైన్‌మన్‌కి చెప్పండి. వోల్టుల మీటరులో 230 దగ్గర నిలకడగా కనిపించాక ఫ్రిజ్, ఆ తర్వాత ఓవెన్. సముద్రం గాలి తగిలే ఇళ్లలో ఏడాదికోసారి ఆ 16 యాంపియర్ల సాకెట్ విప్పించి, తుప్పు పట్టిన స్క్రూలు మార్పించి మళ్లీ బిగించమనండి. పది నిమిషాల పని.